గుడారం కాళ్లకు కట్టిన బియ్యం

పెట్టె మీద చిన్న అక్షరాలతో రాసి ఉంది: బరువులు ఇందులో లేవు, విడిగా కొనుక్కోవాలి.

ఆ వాక్యం నేను ఆలస్యంగా చదివాను. అప్పటికే మౌంట్ ఆల్బర్ట్‌లోని ఒక బడి మైదానంలో మా గెజీబో, అదే మడత గుడారం, లేచి నిలబడింది. నేను శనివారాలు వాదోపవాదాలు నేర్పే పిల్లలు పోటీలకు వెళ్లడం కోసం కేకులు అమ్ముతామన్నారు. వాళ్ల కోసం కొత్తది కొని తెచ్చాను. ఇనుప చట్రం సాగదీశాం, గుడ్డ కప్పాం, మూలలు బిగించాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతలో గాలి వచ్చింది. పెద్ద గాలేమీ కాదు. గుడ్డ ఒక్కసారి పొంగి, ఒక కాలు గడ్డి మీంచి బెత్తెడు పైకి లేచింది. ఆలోచించే లోపే వెళ్లి ఆ కాలి అడుగు పట్టీని తొక్కి నిలబడ్డాను.

పిల్లల్లో ఒకమ్మాయి చుట్టూ చూసి, పక్క బల్ల కింద వరసగా పేర్చిన పుస్తకాల అట్టపెట్టెలను చూపించింది. బడి గ్రంథాలయం వాళ్లు అమ్మకానికి పెట్టుకున్న పాత పుస్తకాలు అవి. "అవి బరువుగా ఉంటాయి కదా, కాళ్లకు ఆనించేద్దామా? వాళ్లకు పోయేదేముంది?" అంది.

తర్కం బాగానే ఉంది. నేను నేర్పినదే. అయినా "ఉండు" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎన్నేళ్లు పట్టిందో ఆ పిల్లకు తెలియదు.

నా బాల్యంలో సగం ఇదే నగరంలో మనురేవా అనే పేటలో ఒక కార్ పార్కింగ్ స్థలంలో గడిచింది. వారంలో మిగిలిన రోజుల్లో అక్కడ కార్లు నిలిచేవి. శనివారం తెల్లవారుజామున మాత్రం తెల్లగీతల మధ్య ఒక్కొక్క గడిలో ఒక్కొక్క గుడారం లేచేది. అమ్మ వారమంతా వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయించి, అన్నం తినిపించి, మంచాలు సర్దేది. శనివారం మాత్రం పునుగులు, మిరపకాయ బజ్జీలు వేసి అమ్మేది. నాన్నకు శనివారం ఆసుపత్రిలో డ్యూటీ. అందుచేత మార్కెట్టు అంటే అమ్మా నేనూ, మా పాత వ్యానూ.

ఆ వ్యాను వాసన ఇప్పటికీ ముక్కుకు తెలుసు. ఉల్లిపాయ, గ్యాసు సిలిండరు, రాత్రంతా పులిసిన పిండి, తడి టార్పాలిన్. కిటికీ అద్దం మీద నా ఊపిరి ఆవిరి కడితే దాని మీద వేలితో అక్షరాలు రాసేదాన్ని. తెలుగు చదవడం నాకు అమ్మ బైబిలు మీద వేలు పెట్టించి నేర్పింది. అందుకే గెజీబో అన్న మాట కంటే గుడారం అన్న మాటే ముందు తెలుసు నాకు. మా ఇంట్లో దాన్ని చివరిదాకా గుడారమనే అన్నాం.

గుడారం ఎత్తడం ఒక్క మనిషి చేసే పని కాదు. ఎదురెదురు మూలల్లో ఇద్దరు నిలబడి, ఒకేసారి వెనక్కి అడుగులు వేస్తూ చట్రాన్ని సాగదీయాలి. ఒకరు తొందరపడితే మధ్యలో కీలు ఇరుక్కుంటుంది. నేను చిన్నదాన్ని, నా అడుగు చిన్నది. అందుకని అమ్మ తన అడుగును నా అడుగంతకు తగ్గించుకునేది. ఆ తర్వాత గుడ్డ, ఆ తర్వాత కాళ్లకు బరువులు. పసుపు జాకెట్ వేసుకుని తిరిగే మార్కెట్టు పెద్దమనిషి ఒక్కొక్క కాలినీ బూటుతో తన్ని చూసి, కదిలితే "ఇది సరిచేసేదాకా అమ్మకం లేదు" అనేవాడు. నాన్న పాత పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి, అది గట్టిపడే ముందే ఇనుప కొక్కేలు గుచ్చి మాకు బరువులు తయారు చేసి పెట్టాడు. వాటిని కాళ్లకు కట్టడానికి అమ్మ పాత నేత చీరలు పొడుగ్గా చింపి వాడేది. తాడు తడిస్తే జారుతుంది, నూలు తడిస్తే బిగుస్తుంది అనేది.

మా పక్క గడి హైదరాబాద్ అంకుల్‌ది. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఆయన సరుకు. ఆయన బరువులు నీళ్లు నింపిన నీలం డబ్బాలు. పొద్దున్నే ఆయన పాలు మరగబెడుతుంటే ఆ వాసనకు మార్కెట్టు మొత్తం మేలుకునేది. అమ్మ చీరపీలికలు చుట్టడం చూస్తే ఆయన నోరు ఊరుకునేది కాదు.

"ఏంది చెల్లె, గిది గుడారమా పేషెంటా? గంత కట్టు కడ్తున్నవ్!"

"పేషెంటయితే చెప్పిన మాట వింటుందన్నయ్యా. ఇది వినదు."

"గయితే ఇంజెక్షన్ గూడ ఇయ్యి. గా సిరంజి బిడ్డ చేతికియ్యకు, నాకు పొడుస్తది."

ఆయన భయానికి కారణం ఉంది. వాన పడితే గుడారం పైగుడ్డ మీద నీళ్లు నిలిచి పొట్టలాగా కిందికి దిగేవి. ఆ పొట్టను లోపలినుంచి చీపురుకర్రతో పైకి నెట్టి, నీళ్లు బయటికి దొర్లించడం నా ఉద్యోగం. ఎటు నెడితే అటు పోతాయి కదా. అంకుల్ సరిగ్గా రెండు గుడారాల మధ్య సందులో నిలబడి బిస్కెట్ల మూత తీస్తున్నప్పుడు నెట్టడం నా ఆనందం. ఆయన తడిసిన జుట్టుతో "అల్లా! మబ్బు లేకుంటనే వాన!" అని ఆకాశాన్ని తిట్టేవాడు, నన్ను కాదు. ఆకాశానికి సంబంధం లేదని ఆయనకు తెలుసని నాకూ తెలుసు. ఆ తర్వాత విరిగిన బిస్కెట్లు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు.

ఇక బియ్యం సంగతి. మా చర్చి సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటు ఉండేది. మన కోస్తా ఊళ్లనుంచి ఈ దేశానికి నర్సులుగా, కేర్‌గివర్లుగా వచ్చినవాళ్లు తెచ్చుకున్న అలవాటు. అన్నానికి కొలిచిన బియ్యంలోంచి, కుక్కర్లో పోసే ముందు, ఒక గుప్పెడు వెనక్కి తీసి వేరే డబ్బాలో వేయాలి. వేస్తూ మనసులో ఒక చిన్న ప్రార్థన. ఆ డబ్బా నిండితే సంఘానికి తేవాలి. ఏడాదికొకసారి సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు జరిగితే, ఆ బియ్యంతోనే అందరికీ అన్నం. మా ఇంట్లో గుప్పెడు తీసే పని నాది. నా గుప్పిట చిన్నది, మరీ తక్కువగా ఉందేమోనని రెండోసారి చెయ్యి పెట్టబోతే అమ్మ ఆపేది. "ఒక్క గుప్పెడే. నీ గుప్పెడు ఎంతో అంతే."

ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క బియ్యం. ఎవరో సోనా మసూరి, ఎవరో బాస్మతి, ఎవరో థాయ్ దుకాణం బియ్యం. అన్నీ కలిపి వండిన విందు అన్నంలో కొన్ని మెతుకులు ముద్దయ్యేవి, కొన్ని పలుకుగానే ఉండేవి. "మన సంఘం కూడా అంతే కదా" అని మగవాళ్లు నవ్వుకునేవారు. ఆడవాళ్లకు ఆ నవ్వు నచ్చేది కాదు.

ఆ ఏడాది బియ్యం దాచే బాధ్యత మొదటిసారి అమ్మకు వచ్చింది. రావడం అంత తేలిగ్గా జరగలేదు. అంతకుముందు అది పెద్దాంటీ చేతిలో ఉండేది. మాలో అందరికంటే ముందు ఈ దేశం వచ్చిన నర్సు ఆవిడ. రిటైరైనా మాట మాత్రం ఇంకా వార్డులోనే ఉన్నట్టు ఉండేది. మోకాళ్ల నొప్పుల వల్ల బస్తాలు మొయ్యలేక ఇంకొకరికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు, అందరి ముందూ అమ్మను చూసి అంది: "శనివారాలు బజార్లో ఉంటావు, మిగతా రోజులు డ్యూటీలో ఉంటావు. బియ్యం ఎప్పుడు చూసుకుంటావు?"

"చూసుకుంటానక్కా" అంది అమ్మ. ఆ ఒక్క మాట కోసం మా గరాజ్‌లో కొత్త చెక్కపలకలు వచ్చాయి. ఎలుకలు రాకుండా, తేమ తగలకుండా, నేలకు ఎత్తున బస్తాలు పెట్టింది. వారానికొకసారి మూతులు విప్పి, పురుగు పట్టిందేమోనని చేత్తో కలియబెట్టి చూసేది. అమ్మ ఆ ఏడాదంతా ఒక పరీక్ష రాస్తున్నట్టు గడిపింది. ఈ దేశం వచ్చాక ఎవరైనా ఆమెను నమ్మి ఒక పని అప్పగించడం అదే మొదలు.

విందు ఆదివారం. ముందురోజు శనివారం మార్కెట్టు ముగించుకుని అటునుంచి అటే బస్తాలు విందు జరిగే హాల్లో దింపేయాలని అమ్మ ప్రణాళిక. తెల్లవారుజామున వ్యాన్‌లో బస్తాలు ఎక్కించాక పొయ్యి, సిలిండరు, పిండి గిన్నెలు, బల్ల సర్దితే సిమెంటు డబ్బాలకు చోటు మిగల్లేదు. అమ్మ ఒక నిమిషం వాటి వైపు చూసింది. బస్తాల వైపు చూసింది. తర్వాత వ్యాన్ తలుపు మూసింది.

మార్కెట్టులో ఆమె మొదటి బస్తాకు నల్లటి చెత్తసంచి తొడిగి, గుడారం కాలికి ఆనించి, చీరపీలిక చుడుతుంటే అడిగాను.

"అమ్మా, ఇవి మనవి కావు కదా?"

"మనం తినడం లేదు కదే. కాసేపు నిలబెడుతున్నాం, అంతే."

"పెద్దాంటీని అడిగావా?"

"పొద్దున్నే ఆవిణ్ణి లేపమంటావా? ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. తినడానికీ నిలబెట్టడానికీ తేడా ఉందనిపించింది. ఏదో సరిపోలేదని కూడా అనిపించింది. ఏది సరిపోలేదో చెప్పేంత భాష అప్పటికి నా దగ్గర లేదు.

అంకుల్ చాయ్ గ్లాసుతో వచ్చి చూశాడు. ఈసారి నవ్వలేదు. "చెల్లె, బియ్యం కడ్తున్నవా? వాన పడ్తేనో?"

"మధ్యాహ్నం దాకా లేదన్నారు కదన్నయ్యా. సంచులు తొడిగాను."

"నా నీళ్ల డబ్బలు రెండు తీస్కో. నాకు నడుస్తది."

"నడవదు. మీ గుడారం ఎగిరితే మీ పాలన్నీ నా నూనెలో పడతాయి" అంది అమ్మ నవ్వుతూ. ఆయన తలూపి వెళ్లిపోయాడు. పసుపు జాకెట్ ఆయన వచ్చి బస్తాను బూటుతో తన్నబోతే అమ్మ అడ్డుపడి "దయచేసి చేత్తో చూడండి" అంది. ఆయనకు కారణం అర్థం కాలేదు, కానీ వంగి చేత్తోనే తోసి చూసి, బాగుందన్నాడు.

మా చిన్నప్పుడు అమ్మ నైరుతి అంటే వానలు మోసుకొచ్చే చుట్టమని చెప్పేది. మన దేశంలో పొలాలు దాని కోసం ఎదురు చూస్తాయట. ఇక్కడి నైరుతి ఎవరూ పిలవకుండా వస్తుంది. మనుకావ్ సముద్రపు పాయ మీదుగా నల్లటి గోడలా వచ్చి, పావుగంట కొట్టి, ఏమీ ఎరగనట్టు ఎండను వదిలి పోతుంది. ఆ రోజూ అలాగే వచ్చింది. పొద్దున్న బేరం మంచి ఊపులో ఉంది. ముందు తడి తారు వాసన వచ్చింది, ఆ తర్వాత చినుకులు, ఆ తర్వాత మనుషులు. వాన మొదలైతే జనం దగ్గర్లో ఉన్న గుడారం కిందికి పరిగెత్తుతారు. మా గుడారం కిందికి పిల్లబండి తోసుకుంటూ ఒక తల్లి వచ్చింది, ఒక ముసలి జంట వచ్చింది, ఇంకెవరెవరో వచ్చారు. మధ్యలో మూకుడు. మూకుట్లో సలసల కాగే నూనె.

వానకు నల్లసంచులు నిలిచాయి. గాలికి నిలవలేదు. కట్టుకు పైనున్న భాగం పటపట కొట్టుకుని, చిరిగి, జెండాలా ఎగిరింది. పార్కింగ్ స్థలం ఒక పక్కకు వాలుగా ఉండటంతో, నీళ్లు కాలువ కట్టి మా పల్లపు కాలి దగ్గర చేరాయి. అమ్మ పొయ్యి ఆర్పేసి, నేల మీద మోకరించి, మొదటి కట్టు విప్పడం మొదలుపెట్టింది. తడిసిన నూలు బిగిసిపోయింది. పళ్లతో పీకి విప్పింది. బస్తాను వ్యాన్‌లోకి లాగాలని ఆమె ఉద్దేశం.

బస్తా పక్కకు జరిగిన మరుక్షణం ఆ కాలు లేచింది. బెత్తెడు కాదు, నా నడుమంత ఎత్తు. చట్రం వాలి, దాని అడ్డకమ్మీ మూకుడు వైపు వంగింది. పిల్లబండి తల్లి కేక వేసింది. హైదరాబాద్ అంకుల్ తన గుడారం వదిలేసి వచ్చి, ఆ కాలిని రెండు చేతులా కౌగిలించుకుని వేలాడాడు. "కట్టు చెల్లె! కట్టు! నేనొక్కణ్ణి సాల!"

అమ్మ చేతిలో బస్తా ఉంది. వ్యాను నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఆమె వ్యాను వైపు చూడటం నేను చూశాను. తర్వాత ఆమె నూనె వైపు, పిల్లబండి వైపు చూసింది. బస్తాను తిరిగి కాలికి ఆనించి కట్టేసింది. మిగిలిన బస్తాల జోలికి వెళ్లలేదు. నన్ను పిలిచి వేడి మూకుడికీ జనానికీ మధ్య బల్ల అడ్డంగా పెట్టించింది. అంతే. ఆ తర్వాత చేసేదేమీ లేదు. నిలబడి చూశాం. వాన బస్తాల మూతుల్లోకి దిగుతూనే ఉంది.

ఎండ వచ్చాక జనం పునుగులు కూడా కొనుక్కుని వెళ్లారు. పిల్లబండి తల్లి అమ్మ చెయ్యి పట్టుకుని ఏదో అంది. అమ్మ వినలేదు. అంకుల్ చాయ్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, ఈసారి ఒక్క హాస్యం కూడా ఆడకుండా పక్కన కూర్చున్నాడు. "ఏమైతది చెల్లె, బియ్యమే గద" అన్నాడు చివరికి.

"అందరిదీ అన్నయ్యా" అంది అమ్మ.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి నాన్న డ్యూటీ దిగి వచ్చి ఉన్నాడు. గరాజ్‌లో బస్తాలు చూసి సంగతంతా విన్నాడు. మా నాన్న మెత్తని మనిషి. అమ్మకు నొప్పి తగలకుండా దారి వెతకడం ఆయన స్వభావం.

"శాండ్రింగ్‌హామ్ కొట్లకు పోయి ఇంతే బియ్యం కొనుక్కొద్దాం. రెండు మూడు రకాలు కలుపుదాం. సంచులు ఎండబెడితే అవే సంచులు. విందు విందులా జరుగుతుంది. ఎవరికి ఏం నష్టం?"

నేను కుర్చీలో కూర్చుని ఆ వాదనలో లోపం వెతికాను. దొరకలేదు. తినేవాళ్లకు అన్నం దొరుకుతుంది. ఇచ్చినవాళ్ల మనసు కష్టపడదు. అమ్మకు మాట రాదు. నాన్నే గెలిచాడనుకున్నాను.

అమ్మ తడి బియ్యంలో చెయ్యి పెట్టి కూర్చుంది. "కొనుక్కొచ్చి ఇచ్చిన బియ్యమైతే కొని పెట్టేద్దును" అంది. "వాళ్లు వండుకోబోతూ తీసి పెట్టారు. అది ఏ కొట్లో దొరుకుతుంది?"

నాన్న బస్తాలు మళ్లీ వ్యాన్‌లోకి ఎక్కించాడు. వ్యాన్ తాళాలు తీసుకున్నాడు.

పెద్దాంటీ ఇల్లు మౌంట్ ఆల్బర్ట్‌లో, ఇప్పుడు నేను నిలబడిన మైదానానికి రెండు వీధుల అవతల. గుమ్మం మీద అమ్మ "వందనాలక్కా" అనగానే ఆవిడ ముఖం చూసి తలుపు పూర్తిగా తీసింది. అమ్మ ఏమీ దాచలేదు. సిమెంటు డబ్బాలకు చోటు లేకపోవడం దగ్గర్నుంచి, విప్పి మళ్లీ కట్టడం దాకా చెప్పింది. పెద్దాంటీ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా విని, కర్ర ఊతగా వ్యాన్ దగ్గరికి నడిచి, ఒక్కొక్క బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి వాసన చూసింది. పల్లపు కాలి దగ్గరున్న బస్తా పెట్రోలు వాసన కొట్టింది.

"ఇది పోయింది" అంది. నాన్న దాన్ని ఆవిడ పెరట్లో చెత్తగుంటలో పారబోస్తుంటే, ఆవిడ పూర్తయ్యేదాకా కర్ర మీద ఆనుకుని నిలబడింది. ఆ నిలబడటం చూడలేక నేను నేల చూశాను. మిగిలినవాటిని మళ్లీ పిసికి చూసి, గింజను పంటి కింద నొక్కింది.

"పొద్దున్నుంచీ నానుతోంది కదూ?"

"అవునక్కా."

"రేపటిదాకా ఉంచితే పులుస్తుంది. వండితే జావ. బెల్లం ఎవరింట్లో ఉంది?"

అమ్మకు అర్థం కాలేదు. నాకసలే కాలేదు.

"అరిసెలమ్మా! తడిపిండి కావాలంటే బియ్యం నానబెట్టుకోమా? నువ్వు నానబెట్టుకొచ్చావు. బాగా కడిగి ఆరబోయండి. నేను అందరికీ ఫోన్ చేస్తాను. మిక్సీలు తెమ్మంటాను. అన్నం రేపు ఎవరింటి కుక్కర్లో వాళ్లు వండుకుని తెస్తారు." ఫోను చేతిలోకి తీసుకుని ఆగింది. "కోపం లేదనుకోకు. ఉంది. పని అయ్యాక మాట్లాడుకుందాం."

ఆ సాయంత్రం ఆ ఇంటి వంటగది మోతకు కిటికీ అద్దాలు అదిరాయి. ప్రతి ప్లగ్గుకూ ఒక మిక్సీ. ఆంటీలు వచ్చినవాళ్లు వచ్చినట్టే చున్నీలు నడుముకు బిగించారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ అమ్మ మొదటినుంచీ మళ్లీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమె గొంతు కొంచెం నిలబడింది. ఒకావిడ "అయ్యో, నా బాస్మతి!" అంది. ఇంకొకావిడ "నీ బాస్మతి ఎప్పుడూ ఉడికి చావదు, పోనీ ఇవాళ పిండైంది" అంది. బెల్లం పాకం వాసన, యాలకుల వాసన, నెయ్యి వాసన ఇల్లంతా కమ్ముకుంది. మేం పిల్లలం జల్లెడ కింద రాలిన పిండిని బెల్లంతో ముద్ద చేసుకుని, గదిలో మంచం వెనక దాక్కుని తిన్నాం. ఆ రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు.

అరిసెలు బాగా వచ్చాయని రాస్తే అబద్ధమవుతుంది. అన్ని రకాల బియ్యం కలిసిన పిండికి పాకం ఒక తీరున పట్టలేదు. కొన్ని నూనెలో విడిపోయాయి. కొన్ని పీటల మధ్య నొక్కితే బద్దలయ్యాయి. కొన్ని మాత్రం నిండు చందమామల్లా పొంగాయి. విరిగినవాటిని ఒక బేసినులో, నిలిచినవాటిని ఇంకో బేసినులో వేశారు. విరిగినవే ఎక్కువ.

చివరి వాయి తీశాక పెద్దాంటీ కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చుంది. అమ్మ ముందే మాట అందుకుంది. "విప్పితే గుడారం నూనె మీద పడేదక్కా. పసిబిడ్డ ఉంది. అందుకే..."

"దానికి నిన్నెవరడిగారు? ఆ పని నేనైనా చేస్తాను. బియ్యం పోతే పోయింది." పెద్దాంటీ గొంతు తగ్గించింది. "నేనడిగేది పొద్దున సంగతి. కట్టే ముందు నాకు ఫోన్ చేయొచ్చుగా? నేను తెల్లారకముందే లేస్తానని నీకు తెలుసు."

అమ్మ చేతికంటిన పిండి రాల్చుకుంది.

"చేస్తే వద్దనేదాన్ని. అందుకే చేయలేదు. అవునా, కాదా?"

వంటగదిలో ఎవరో కుళాయి కట్టేశారు. నేను అమ్మ ముఖమే చూస్తున్నాను. ఆమె దగ్గర చాలా జవాబులు ఉన్నాయి. ఆ పొద్దున నాకు చెప్పిన జవాబూ ఉంది.

"అవునక్కా" అంది అమ్మ.

పెద్దాంటీ లేచి, పొంగిన అరిసెల బేసిను మీద గుడ్డ కప్పింది. విరిగిన అరిసె ముక్క ఒకటి తీసి అమ్మ నోట్లో పెట్టింది. "వచ్చే ఏడాది కూడా బియ్యం నీ దగ్గరే ఉంటుంది. గరాజ్ తాళంచెవి మాత్రం నాకొకటి ఇవ్వు" అంది.

మర్నాడు విందులో హాలు గోడ పొడుగునా కుక్కర్లు వరసగా నిలబడ్డాయి. ఒక్కొక్క కుక్కర్లో ఒక్కొక్క ఇంటి అన్నం, కలవకుండా, ఏ మెతుకుకు ఆ మెతుకు. తినడానికి సుఖంగానే ఉంది. కానీ పాత విందు అన్నం తిని పెరిగినవాళ్లు ఏదో తక్కువైందన్నారు. హైదరాబాద్ అంకుల్‌ను అమ్మ పిలిచింది. ఆయన చాయ్ కెటిల్‌తో సహా వచ్చి, అరిసె తిని, "చెల్లె, గిది గట్టిగున్నది, గుడారం కాలికి కట్టొచ్చు" అన్నాడు. అమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఆ లోకం ఇప్పుడు లేదు. పార్కింగ్ స్థలంలో ఇళ్ల సముదాయం లేచింది. తెల్లగీతల గడులున్న చోట ఇప్పుడు గదులున్నాయి. అంకుల్ ఈ దేశపు దక్షిణద్వీపంలో తన కొడుకు కట్టుకున్న ఇంటికి వెళ్లాడు. పెద్దాంటీ లేదు. ఆవిడ పోయాక కొన్నాళ్లకు విందు వంట బయటివాళ్లకు అప్పగించారు. గుప్పెడు తీసే అలవాటు ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క రోజున, ఎవరూ నిర్ణయించకుండానే, ఆగిపోయింది. మా ఇంట్లో ఎప్పుడు ఆగిందో నాకు గుర్తులేదు. పెద్దాంటీకి ఇచ్చిన తాళంచెవిని వాళ్లమ్మాయి తిరిగి తెచ్చిచ్చింది. అమ్మ దాన్ని ఇప్పటికీ కొక్కేనికి వేలాడదీసి ఉంచింది.

కాలేజీలో వాదోపవాదాలు నేర్చుకున్న రోజుల్లో ఈ సంఘటనను ఎన్నోసార్లు లోపల తిప్పి చూసుకున్నాను. రెండు పక్షాలూ నేనే అయి వాదించాను. ఎప్పుడూ తుఫాను దగ్గరే మొదలుపెట్టేదాన్ని: బియ్యమా, పసిబిడ్డా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎంత తేలికో చాలా ఆలస్యంగా తెలిసింది. పెద్దాంటీ ఆ తేలిక ప్రశ్నను పక్కకు నెట్టి, ఎండ ఉన్నప్పటి ప్రశ్న అడిగింది. వాన రాకుండా ఉంటే, బస్తాలు పొడిగా హాలుకు చేరి ఉంటే, ఆ ప్రశ్నను ఎవరూ అడిగి ఉండేవారు కాదు. కానీ అది అప్పుడూ ఉండేది. నేను చీరపీలిక కొస పట్టుకుని నిలబడ్డప్పుడు సరిపోనిదనిపించింది అదే. కాదనే అవకాశం అవతలివాళ్లకు ఇవ్వకుండా తీసుకున్నది తిరిగి ఇచ్చినా సరే, తీసుకున్నదే.

నాన్న వాదనలో లోపం కూడా అక్కడే ఉంది. పూడ్చడానికి కావలసినదంతా ఆయన లెక్కలో ఉంది, అడగడం ఒక్కటి లేదు.

మైదానంలో గాలి ఇంకోసారి పొంగింది. నా కాలి కింద అడుగు పట్టీ కదిలింది. ఆ అమ్మాయి ఇంకా పుస్తకాల పెట్టెల వైపే చూస్తోంది. తన తర్కానికి నేను ప్రతివాదన చెబుతానని ఎదురు చూస్తోంది కాబోలు.

"ఈ కాలిని తొక్కి నిలబడు" అన్నాను.

పక్క బల్ల దగ్గరికి వెళ్లాను. కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ పుస్తకాలు సర్దుకుంటోంది. మా గుడారానికి బరువులు లేవని చెప్పి, ఆ పెట్టెలు కాసేపు వాడుకోవచ్చా అని అడిగాను. ఆవిడ పెట్టెల వైపు చూసి, ఆకాశం వైపు చూసి, నొచ్చుకుంటూనే వద్దంది. తడిస్తే పాడవుతాయంది.

"సరేనండీ" అని, ఖాళీ డబ్బాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుని, నీళ్లు పట్టడానికి కుళాయి దగ్గరికి నడిచాను.